చర్చిల్‌ను కలవరపెట్టిన బొమ్మ

1942 మార్చి. సింగపూర్ జపాన్ వశమై నెల తిరగలేదు. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు చమురు ఓడల్ని ముంచేస్తున్నాయి. ఆ రోజుల్లో లండన్ ‘డైలీ మిర్రర్’లో ఫిలిప్ జెక్ కార్టూన్ ఒకటి వచ్చింది. చీకటి సముద్రం, ఓడ మునగగా మిగిలిన తెప్ప, దాన్ని కరచుకుని బోర్లా పడివున్న నావికుడు. పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందన్న సర్కారు ప్రకటన కింద వ్యాఖ్యగా ఉంది. పెట్రోలు చుక్కచుక్కకూ ప్రాణాలు పోతున్నాయి, వృథా చేయకండని చెప్పడమే తన ఉద్దేశమని జెక్ అన్నాడు. చమురు కంపెనీల లాభాల కోసం నావికులు చస్తున్నారన్న అర్థం ప్రధాని చర్చిల్‌ ప్రభుత్వానికి తోచింది. పత్రికను మూయిస్తామని హోం మంత్రి హెర్బర్ట్ మారిసన్ హెచ్చరించాడు. కమ్యూనిస్టుల ‘డైలీ వర్కర్’ను 1941 జనవరిలో మూయించిన మంత్రి ఆయనే కాబట్టి ఆ హెచ్చరికను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

కార్టూన్ ఒక్కడి ఊహ, దాన్ని ప్రజాభిప్రాయం అనడమేమిటని చరిత్రకారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అది పత్రిక యజమాని అభిప్రాయం కూడా కాకపోవచ్చు. హిట్లర్‌తో రాజీని సమర్థించిన పత్రికాధిపతి బీవర్‌బ్రూక్ పత్రికలోనే కార్టూనిస్టు డేవిడ్ లో హిట్లర్‌ను ఏళ్ల తరబడి ఎండగట్టాడు. ఎంతమంది ఏమనుకున్నారో కార్టూన్ చెప్పలేదు. జనం మనసులో ఏ అనుమానం అప్పటికే గూడుకట్టుకుని ఉందో మాత్రం చెబుతుంది. జెక్ బొమ్మలో కంపెనీ లేదు, లాభాల ఊసు లేదు. అయినా పాలకులకు అవే కనిపించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కొందరు వ్యాపారులు వెనకేసుకున్న లాభాలను బ్రిటన్ మరచిపోలేదు. పాఠకులకూ అవే గుర్తొస్తాయని ప్రభుత్వం భయపడింది.

అది పాలకుల బెదురే తప్ప ప్రజల మాట కాదనవచ్చు. తర్వాతి పరిణామాలు చూస్తే ఆ బెదురు నిరాధారం కాదని తేలుతుంది. మార్చి 26న కామన్స్ సభలో పలువురు సభ్యులు పత్రిక పక్షాన మాట్లాడారు. పత్రిక మూతపడలేదు. ఐరోపాలో యుద్ధం ముగిసిన 1945 మే 8న జెక్ మరో బొమ్మ గీశాడు. గాయపడిన సైనికుడు విజయాన్నీ శాంతినీ చేతికందిస్తూ, మళ్లీ పోగొట్టుకోవద్దని హెచ్చరిస్తున్నాడు. సార్వత్రిక ఎన్నికల పోలింగ్ రోజైన జులై 5న ‘మిర్రర్’ దాన్నే తిరిగి అచ్చువేసింది. లేబర్ పార్టీకి 393 స్థానాలొచ్చాయి. ఆ గెలుపు బొమ్మ చలవ అనలేం. తమ త్యాగం ఇంకొకరి పాలు కారాదన్న పట్టుదల మాత్రం 1942 నుంచే జనంలో ఉందని రెండు బొమ్మలూ కలిపి చూస్తే తెలుస్తుంది. యుద్ధకాలపు కార్టూన్ చేతికొస్తే గీసినవాడి ఉద్దేశంతో ఆగిపోకండి. దాన్ని చూసి ఎవరు, ఎందుకు ఉలిక్కిపడ్డారో వెతకండి. ఆనాటి ప్రజల మనసు అక్కడ దొరుకుతుంది.