మట్టిపలకపై మంద

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానమున నేడు ప్రయాణము చేయువానికి కనుచూపు మేర ప్రత్తియు, మిరపయు, నడుమనడుమ పొగాకును తప్ప వేరొండు కానరాదు గాని, ఈ నేల నాగటికి పూర్తిగా లోబడకమునుపు పశువుల మందలకు ఆటపట్టై, వాని గిట్టలు పరచిన దారులతో నిండియుండెను. ఇట్టి దేశమున పశువు శిల్పమునకు వస్తువగుట సహజమే. అట్లే అయినది కూడ. ఐనను ఒక విషయము నన్ను చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది. ఒంటి యెద్దునకు మన శిల్పులు వేసిన పీట ఎంత పెద్దదో, మందకు వారు విడిచిన చోటు అంత చిన్నది. కాల్చిన మట్టిపలకలను ఒకదాని చెంత నొకటి పేర్చి, గోడ నిండ సాగిపోవు పశుసమూహమును చూపు కళ అన్యదేశముల నెట్లు పెరిగెనో, దాని మొలకలు మన సీమలో నెక్కడెక్కడ తలయెత్తెనో పరిశీలింపవలెనని నా అభిలాష.

మట్టితో అడవిపశువును మలచుట మానవుని తొలివిద్యలలో నొకటి. ఫ్రాన్సు దేశమున పిరనీసు పర్వతపాదమునందు ట్యుక్ దోదుబేర్ అను గుహాంతర్భాగమున, బెగువెన్ ప్రభువు కుమారులు మువ్వురు 1912వ సంవత్సరమున రెండు బైసనుల మట్టిబొమ్మలను కనుగొనిరి. ఒక్కొక్కటి రెండడుగుల పొడవున, బండకు చేర్చి నిలిపిన ఆ బొమ్మలలో ముందు ఆడుది, వెనుక మగది; వయస్సు పదునాలుగు వేల యేండ్లకు తక్కువ కాదు; మలచినవాని వ్రేళ్ళ జాడలు నేటికిని వాని మేనిపై చెదరక నిలిచియున్నవి. ఆ మట్టి కాల్చినది కాదు; కొండ కడుపులోని తేమయే దానిని పగిలిపోకుండ కాచినది. స్పెయిను దేశపు ఆల్తమీరా గుహ కప్పుపై 1879లో బయల్పడిన బైసనుల గుంపు దీనికి తోబుట్టువే యైనను అది రంగుల పని. ముద్దను పిసికి పశువుకు ఒడ్డును పొడవును ఇచ్చినవారు ఆదిలో రెంటితోనే తృప్తి నొందిరి. మందను చూపవలెనన్న రంగు నాశ్రయించిరి. మట్టికిని మందకును గల ఈ దూరము ఆనాటిదే.

దక్కను పీఠభూమికి వత్తము. మహబూబునగరము సీమలోని ఉట్నూరున బూడిదదిబ్బను 1957లో త్రవ్వించిన ఆల్చిన్ పండితుడు, అది నవీనశిలాయుగపు గోపాలకులు పశువులను కట్టిన దొడ్డియనియు, పోగుపడిన పేడ పదేపదే తగులబడుటచే ఆ బూడిద యేర్పడెననియు నిర్ధారించెను. ఆ పొరలలో పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరక దొరకుట అద్భుతము. అడవిలో స్వేచ్ఛగా తిరుగు పశువులను పట్టి మచ్చిక చేయుటకు కూడ ఇట్టి దొడ్లు ఉపకరించి యుండునని ఆయన ఊహ. మనుజుని చేయి సోకక, మంద తన కాళ్ళతో తానే నేలపై అచ్చొత్తి, అగ్నిచే కాలి, సహస్రాబ్దముల పర్యంతము నిలిచిన ఆ పొరను నేను మన దేశపు తొలి మట్టిపలకగా భావింతును. ఇది పురాతత్త్వజ్ఞుల మాట కాదు, నా భావన మాత్రమే. ఆ నవీనశిలాయుగపు జనులే పిక్లిహాళు, మస్కి మున్నగు చోట్ల బండలపై పొడవు కొమ్ముల మూపురపు ఎద్దులను తొలిచిరి. చిన్న చిన్న మట్టియెద్దులను చేసి కాల్చిరి. కడప మండలమున చింతకుంట గుండ్లపై నున్న వర్ణచిత్రములలోను మూపురపు ఎద్దు కలదు. మట్టిలో మాత్రము పశువు విడివిడిగానే నిలిచినది; పిడికిట పట్టు బొమ్మలో మంద యిముడదు గదా!

పలక యొక్క శక్తిని సంపూర్ణముగా గ్రహించినవారు బాబిలోను పనివారు. క్రీస్తు పూర్వము ఆరవ శతాబ్దమున నెబుకద్నెజరు చక్రవర్తి కట్టించిన ఇష్తారు ద్వారమున, నీలకాంతి గల మెరుగుపూత ఇటుకలపై వరుసలు వరుసలుగా వృషభములు నడచుచుండును. అవి సాధుపశువులు కావు. ఆరోక్సు అను అడవి యెద్దులు, నేటి పశుజాతులకు మూలపురుషులు. ఆ జాతి యూరపులో కడపటిదాక బ్రతికి, 1627లో పోలెండు అడవులయందు అంతరించినది. ఒకే అచ్చున తీసిన ఇటుకలను మరల మరల కూర్చుటచే ఒక్క వృషభము పదులై, పదులు నూర్లై నడచునట్లు తోచుట ఈ కళయొక్క రహస్యము. శిల్పి రాతిలో నూరు పశువులను చెక్కవలెనన్న నూరుమారులు శ్రమింపవలెను. అచ్చు పట్టిన మట్టివానికి అదే శ్రమ ఒక్కమారు చాలును. ఏ ఇటుక ఎచట నుండవలెనో తెలియుటకై వానిపై గురుతులు గీసియుండిరి. కాశ్మీరమున హార్వాన్ బౌద్ధక్షేత్రమున నేలపై పరచిన కాల్చిన పలకలపై సయితము ఖరోష్ఠీ అంకెలు కానవచ్చును. ఆ పలకలపై జింకలును హంసలును బారులు తీరియున్నవి.

మన కృష్ణాతీరమున జరిగిన కథ వేరు. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ స్తూపముల శరీరము ఇటుకయే యైనను వాని ముఖము పల్నాటి సున్నపురాయి. కాల్చిన మట్టి గోడలోపల దాగినది. కళ యంతయు తెల్లని రాతిపలకపై వెలసినది. పల్నాడు ఇంత మెత్తని, ఉలికి లొంగు రాతిని ఈయకున్న మన శిల్పులు మట్టిపలకనే చేపట్టి యుందురేమో! అమరావతి ప్రాకారపు అడుగుపట్టీలో పరుగిడు మృగములును, వాని వెంట నురుకు బాలురును గల దృశ్యము చూచినవారికి, మంద నడకను ఆంధ్రశిల్పి ఎరుగడనుట అసత్యమని బోధపడును. నాగార్జునకొండలోని అర్ధచంద్రశిలలపైనను మృగముల బారు వంపు తిరిగి సాగును. 1797లో కుంపిణీ సర్వేయరు మెకంజీ దృష్టి అమరావతిపై పడిన నాటనుండి అటనుండి చెన్నపట్టణమునకును లండనునకును తరలిన పలకల దుఃఖగాథను ఇచట విస్తరింపను. అదే యుగమున తెలంగాణమందలి కొండాపురమున తెల్లమట్టితో, రెండచ్చుల నడుమ నొత్తి సుకుమారమైన బొమ్మలు చేసిరి. పైకప్పు పెంకులను కూడ కాల్చిరి. అచ్చును పెంకును ఒకే ఊరిలో నుండెను. పెంకుపై బొమ్మను అచ్చొత్తి గోడకెక్కించు ఆలోచన మాత్రము అచట ప్రబలలేదు.

తరువాతి యుగములలో ఎద్దు నందీశ్వరుడై గర్భాలయమున కెదురుగ కూర్చుండెను. లేపాక్షి బసవని వైభవమును కాదనువాడు లేడు. కాని కూర్చున్న ఏకైక దేవతారూపముగా మారిన పశువు మందను వీడినదే. గోలకొండ ప్రభువులు మెరుగుపూత పలకలను తెచ్చిరి. హైదరాబాదులోని బాదుషాహీ ఆషుర్‌ఖానా గోడలపై ఆ పలకల వర్ణశోభ నేటికిని కన్నులు చెదరగొట్టును. అయితే ఆ ప్రార్థనాస్థలమున ప్రాణిరూపములకు తావు లేదు.

మరి మన మైదానమున మంద ఎచట బ్రతికినది? పాటలో బ్రతికినది. పదమూడవ శతాబ్దమున కరవు వాటిల్లగా కాటమరాజు తన ఆలమందలను దక్షిణమునకు తోలుకొని వచ్చి, నెల్లూరు ప్రభువైన నల్లసిద్ధితో పుల్లరి ఒడంబడిక చేసికొనుటయు, ఆ పుల్లరి తగవు ముదిరి పాలేటి యొడ్డున పంచలింగాల కడ ఘోరయుద్ధమగుటయు, కవిబ్రహ్మ తిక్కనకు దాయాది యైన ఖడ్గతిక్కన ఆ రణమున కూలుటయు తెలుగువారెరిగిన గాథ. రాజ్యము కొఱకు గాక గడ్డి కొఱకును నీటి కొఱకును జరిగిన ఈ యుద్ధమునకు కథానాయకుడు కాటమరాజే యైనను, నా దృష్టిలో నిజమైన నాయకత్వము మందది. అది కదలినందుననే కథ కదలినది. కొమ్మువారు తరతరములుగా దీనిని పాడుచు వచ్చిరి. తెలంగాణమున మందహెచ్చులవారు నకాషీ పనివారు చేసిన రంగుల బొమ్మలను నిలిపి ఈ కథనే చెప్పుదురు. వాఙ్మయమున తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఈ కథాచక్రమును సేకరించి పరిష్కరించి చేసిన సేవ మరువరానిది. ఇంతటి వస్తువు గొంతులోను, కొయ్యబొమ్మలోను నిలిచి, జరిగిన తావుననే కుమ్మరి ఆవమునకు చేరకుండుట నాకు బాధాకరముగా నున్నది.

ఆధునిక కాలమున మంద నేలమీదనుండియే తొలగెను. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో నీరు వదలినంతట కుడికాలువ క్రింది మెట్టభూములు ప్రత్తికిని మిరపకును వశమయ్యెను. అదే జలాశయము నాగార్జునకొండ లోయను ముంచుటచే అర్ధచంద్రశిలలు దీవిపైని మ్యూజియమున తల దాచుకొనెను. బీడు తగ్గినకొలది మంద తగ్గినది, ట్రాక్టరు వచ్చినకొలది కాడి తగ్గినది. గుండ్లకమ్మ సీమ ఒంగోలు గిత్త మాత్రము కీర్తిశరీరమున పెరిగినది. సముద్రము దాటి బ్రెజిలులో నెలోర్ పేర మహాజాతియై వర్ధిల్లినది. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయక్రీడలకు ‘వీర’ అను చిహ్నమైనది. బండలాగుడు పందెములలో నేటికిని వేలజనులను రప్పించుచున్నది. కూడళ్ళలో సిమెంటు గిత్తలు వెలసినవి. ఇవన్నియు మరల ఒంటి యెద్దులే. బలమునకు ప్రతీకగా గిత్తను నిలుపుట తప్పు కాదు. కాని ఆవు, పెయ్య, లేగ, ముసలియెద్దు లేని చోట పశుజీవితమున సగము కనుమరుగగును.

మట్టిని కాల్చు నేర్పు మనకు కొరవడలేదు; ఇళ్ళపై గూనపెంకును, 1865లో మంగళూరున బాసెల్ మిషనువారు ప్రారంభించిన కర్మాగారపు బాణీలో వచ్చిన బంగాళాపెంకును మన కుమ్మరులును కూలీలును లక్షలుగా కాల్చిరి. ఆ నైపుణ్యము గోడచిత్రమునకు చాలునని 1963లో లక్నో రవీంద్రాలయమున కళాకారుడు కె. జి. సుబ్రమణ్యన్ మట్టిపలకలతో కూర్చిన మహాకుడ్యచిత్రము నిరూపించినది. మనకు కావలసినది వస్తువును ఎన్నుకొను ధైర్యమే.

ఆ వస్తువు రెండు మందలలో నున్నది. ఒకటి పాలేటి యొడ్డు ఆలమంద. రెండవది అడవిదున్నల మంద. పాపికొండలలో నవి నేటికిని తిరుగుచున్నవి. నూరేండ్లకు మించి జాడలేని నల్లమలలో 2024లో అడవిదున్న కనిపించినదని పత్రికలు వ్రాసినవి. వీపుపై మెట్టువలె లేచిన మూపు, మోకాలి దిగువ తెల్లని కాళ్ళు, నల్లని మేను: ఇంతకంటె మట్టికి తగిన రూపు లేదు. మేనికి ఎర్రమట్టిని పొగపట్టించి నలుపు తేవచ్చును. కాళ్ళకు తెల్లమట్టి పూత చాలును.

ఇట్టి పలకలకు రేగడి పనికిరాదు, అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును, పలక వంకరపోవును. చెరువు అడుగు ఒండ్రును ఎర్రమట్టితో కలిపి, పగిలిన పెంకుల పొడిని జల్లించి చేర్చి మెదిపినచో కుంచించుకుపోవుట తగ్గి పలక చదునుగా నిలుచును. మందను ముందు ఒకే పెద్ద పరపుగా పరచి మలచి, పచ్చి గట్టిపడిన తరుణమున కోయవలెను. కోత పశువు కంటిమీదుగాను, కొమ్ము కొనమీదుగాను పోరాదు. వీపు వంపు వెంట, కాళ్ళ నడుమ, ఒక పశువునకును మరియొక పశువునకును మధ్యనున్న నీడలో పోవలెను. వెనుకవైపున హార్వానువారివలె వరుస అంకెలు గీసి, నీడపట్టున మెల్లగా నార్చి, ఆవమునకు పంపవలెను. నడిపించు పెద్ద ఆవు మొదటి పలకలో నుండవలెను. లేగలు నడుమ నుండవలెను. మగది కడపట నడువవలెను.