ఐలమ్మ కుటుంబం, పాలకుర్తి కౌలు భూమి

చిట్యాల ఐలమ్మ (1895–1985) తెలంగాణ రైతు పోరాటంలో ముందువరుసలో నిలిచిన స్త్రీ. పుట్టిన ఊరు నేటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలం కృష్ణాపురం, మెట్టినిల్లు పాలకుర్తి. చాకలి వృత్తి చేసుకునే ఈ కుటుంబం 1940లలో భూమి కౌలుకు తీసుకొని సొంతంగా సేద్యం మొదలుపెట్టింది. ఆ సేద్యాన్ని ఆపడానికి విసునూరు దేశ్‌ముఖ్ తన బలగాన్ని, పోలీసులను, న్యాయస్థానాన్ని ప్రయోగించాడు. పంట మాత్రం ఐలమ్మ ఇంటికే చేరింది. ఓరుగల్లు, జనగామ పల్లెల్లో కులం అడ్డు పెట్టినా సాగు విడవని కుటుంబాల కథల్లో ఇంత స్పష్టంగా నమోదైనవి తక్కువ.

ధర్మసాగర్, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, జనగామ అన్నీ ఒకే మెట్ట ప్రాంతం. అప్పట్లో నేలకు చెరువులూ బావులే దిక్కు. నిజాం కాలంలో ఇక్కడి భూమిలో చాలాభాగం దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు, మక్తేదార్ల గుప్పిట్లో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ ఊళ్లలో గడి ముందు నుంచి చెప్పులతో నడిచే హక్కు కూడా బడుగు కులాలకు లేదు. దొర ఎదురైతే ‘నీ బాంచన్, కాల్మొక్త’ అంటూ వంగాల్సిందే.

వెట్టి ఎవరు ఎంత చేయాలో కులమే నిర్ణయించేది. మాల మాదిగ కుటుంబాలు ఇంటికొక మనిషిని పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్ ఇళ్లకు పంపాలి. ఆ మనిషి ఇంటి పని చేయాలి, తాలూకా కచేరికీ ఠాణాకూ కబుర్లు మోయాలి, చావడికి కాపలా కాయాలి. తోలు పనివారు చెప్పులు, మోటబావికి కావలసిన తోలు సామాను ఊరికే ఇవ్వాలి. కుమ్మరి, మంగలి, గౌడ, సాలె, ఎవరి వాటా వారిదే. చాకలి ఇంటివాళ్లు దొరల, ఊరి అధికారుల బట్టలు ఉతకడమే కాకుండా వాళ్ల ఇంటి పాత్రలూ తోమాలి. పల్లెల్లో ఎక్కువగా దళితులే చిక్కుకున్న అప్పు జీతానికి హద్దులు పెట్టాలని 1936లో భగేలా ఒప్పందాల చట్టం వచ్చింది. అమలు చేయాల్సిన గ్రామాధికారులే జీతగాళ్లను పెట్టుకున్నవాళ్లు కావడంతో ఊళ్లో పెద్దగా మార్పు రాలేదు.

ఇలాంటి చోట ఐలమ్మ, భర్త నర్సింహ తమ పిల్లలతో కలిసి పాలకుర్తిలో మల్లంపల్లి మక్తేదారు కొండల్‌రావు భూమిని కౌలుకు పట్టారు. నాలుగెకరాల్లో పంట పెట్టారు. కౌలు కట్టడం, దుక్కి దున్నడం, కోత కోయడం ఏ రైతైనా చేసే పనే. కానీ రేవులో బట్టలు ఉతకాల్సిన ఇంటివాళ్లు కల్లంలో తమ ధాన్యాన్ని తామే కొలుచుకోవడం దొరలకు మింగుడు పడలేదు. పట్వారీ వీరమనేని శేషగిరిరావు తన పొలంలో పనికి రమ్మంటే ఐలమ్మ కుటుంబం వెళ్లలేదు. వెట్టికి రానన్న మాట ఒక్కటి నెగ్గితే ఊరంతా అదే మాట అంటుంది. గొడవ నాలుగెకరాల చుట్టూ పెరగడానికి అసలు కారణం అదే.

అప్పటికే ఆంధ్ర మహాసభ జనగామ పల్లెల్లోకి వచ్చింది. ప్రజలు దాన్ని సంఘం అనేవారు. ఐలమ్మ అందులో చేరింది. దొర తరఫువాళ్లు పెట్టిన కేసుల్లో కుటుంబంలోని మగవాళ్లు జైలుపాలయ్యారు. ఆ భూమి తనదేనని దేశ్‌ముఖ్ వాదించాడు. అయినా కోర్టు తీర్పు ఐలమ్మకు అనుకూలంగా వచ్చింది. పోరాట కథ చెప్పేటప్పుడు ఈ తీర్పు తరచూ మరుగున పడుతుంది. చదువు లేని ఒక చాకలి స్త్రీ, నలభై వేల ఎకరాల దొరపై కాగితం మీద కూడా గెలిచిందన్నది చిన్న విషయం కాదు.

తీర్పుతో దొర వెనక్కి తగ్గలేదు. పంట కోతకు రాగానే వందమంది గూండాలను, కోతకు మరో వందమంది ఆడా మగా కూలీలను పొలం మీదికి పంపాడు. సుందరయ్య కథనం ప్రకారం ఇరవై ఎనిమిది మంది సంఘం నాయకులు, కార్యకర్తలు కర్రలు పట్టుకొని నినాదాలతో ఎదురు వెళ్లారు. గూండాలు పారిపోయారు. కోసిన పంట ఐలమ్మ ఇంటికి చేరింది. పోలీసులు వచ్చినా ఆ ధాన్యాన్ని ఎత్తుకెళ్లలేకపోయారు. ఈ ప్రతిఘటనలో భీమిరెడ్డి నర్సింహారెడ్డి వంటి యువ నాయకులూ ఉన్నారు. తర్వాత నాయకులను పట్టుకొని విసునూరులో చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇంటిని తగలబెట్టారు. ఆమె కూతురు కూడా దాడికి గురైంది. నాలుగెకరాల పంటకు ఆ కుటుంబం ఇంత మూల్యం చెల్లించింది.

1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి పోరాటం సాయుధ రూపం తీసుకుంది.

పుట్టుక అడ్డుపడినా సాగు కోసం పెనుగులాడిన ఇలాంటి కథలు వేరే దేశంలోనూ ఉన్నాయి: అమెరికాలో నల్లజాతి రైతులది కూడా భూమి చుట్టూ తిరిగిన చరిత్రే. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు బానిసత్వం నుంచి విముక్తమైన కుటుంబాలకు నలభై ఎకరాల వరకు కేటాయించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే దాన్ని తిరగదోడాడు. భూమి దక్కనివారు పాత యజమానుల పొలాల్లోనే పాలుకు దున్నుతూ అప్పుల్లో కూరుకుపోయారు. 1920 నాటికి అక్కడ నల్లజాతి రైతులు దాదాపు 9,25,000 మంది. రుణాల్లో వివక్షపై వాళ్లు ప్రభుత్వం మీద వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో రాజీతో తేలింది. ఇక్కడి కుల పీడననూ అక్కడి బానిసత్వాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన తొలి భారతీయుల్లో జ్యోతిరావు ఫూలే ఒకరు. 1873లో వచ్చిన ‘గులాంగిరి’ని ఆయన బానిసత్వాన్ని రూపుమాపిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

ఇక తెలంగాణ విషయానికొస్తే, హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు హోదా తెచ్చింది. ఐలమ్మ లాంటి కౌలు రైతుకు భూయజమాని మాట మీద కాక రికార్డు మీద ఆధారపడే వీలు దొరికింది. అప్పు జీతం నేరమని దేశమంతటికీ చట్టం చేయడానికి 1976 దాకా పట్టింది.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న పాలకుర్తిలో కన్నుమూసింది. 2024లో అదే తేదీన హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం ఆమె పేరు ప్రకటించింది.

ఇప్పుడు దేవాదుల పథకం కింద గోదావరి నీళ్లు ధర్మసాగర్ చేరి, అక్కడి నుంచి ఘన్‌పూర్, అశ్వరావుపల్లి, చీటకోడూరు జలాశయాల వైపు సాగుతున్నాయి. ధర్మసాగర్ ప్రాంతం ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ అసెంబ్లీ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది. కౌలు రైతు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కౌలు సాగుదారుల కోసం 2011లో వచ్చిన చట్టం రుణ అర్హత కార్డు ఇస్తామంది. 2018లో ఎకరానికి ఒక పంటకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే చేరింది, భూమి దున్నుతున్న కౌలుదారుకు కాదు.