చీకటింట వెలిగిన కాగితము



ఎముక విరిగినవానిని పట్టణపు వైద్యునియొద్దకు గొనిపోయినచో, ఆయన మొదట అడుగునది ఎక్సురే పటము. ఆ కిరణములను లోకమునకు పట్టియిచ్చినది ఒక కాగితపు తెర. దానిపై పూసిన పూత ప్లాటినమను లోహముతో చేసిన లవణము. ఆ లవణము కథను నేడు మీకు విన్నవించుచున్నాను.

ప్లాటినము బంగారమువలె తుప్పుపట్టని అరుదైన లోహము. బేరియముతోను సయనైడుతోను కూర్చినచో అది పసుపు కలిసిన ఆకుపచ్చని స్ఫటికములుగా నేర్పడును. మన కంటికి గోచరింపని అతినీలలోహిత కాంతి సోకినచో ఆ స్ఫటికములు వెలుగును. ఆ కాంతి తొలగగానే ఆరిపోవును. మిణుగురు తన వెలుగును తానే పుట్టించుకొనును. ఈ లవణమట్లు కాదు. పైనుండి వచ్చిన శక్తిని పుచ్చుకొని వెలుగుగా మార్చి తిరిగి యిచ్చును. దీనికి ప్రతిదీప్తి యని పేరు. కనుకనే కానరానిదానిని కనుగొనుటకు పరిశోధనశాలలలో ఇట్టి తెరలను ఉంచుకొనుచుండిరి.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేది, శుక్రవారము సాయంకాలము. జర్మనీ దేశమున వుర్ట్స్‌బుర్గు విశ్వవిద్యాలయములో విల్‌హెల్మ్ రంట్జెన్ అను ఆచార్యుడు, గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేయుచుండెను. గొట్టమును నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసెను. ఆ చీకటిలో కాగితపు తెర వెలిగెను! రెండు మీటర్ల దూరమున నుంచినను వెలుగు మానలేదు. అట్టను దాటి వచ్చునది ఏదియో కలదని ఆయన గ్రహించెను.

అంతట తొందరపడి చాటుకొనలేదు. వారములతరబడి పరీక్షించెను. లావైన పుస్తకమును అడ్డుపెట్టెను, కిరణము దాటెను. సీసమును అడ్డుపెట్టెను, ఆగెను. చేతిని అడ్డుపెట్టగా మాంసము లేతనీడగాను, ఎముకలు నల్లనినీడగాను తెరపై కానవచ్చెను. డిసెంబరు 22వ తేదిన భార్య చేతిని ఛాయాచిత్రపు పలకపై పట్టి, 28వ తేదిన వ్యాసమును సమర్పించెను. బీజగణితమున తెలియని రాశికిచ్చు ఎక్స్ అను అక్షరమునే ఆ కిరణములకు పేరుగా నుంచెను. భౌతికశాస్త్రమునందు మొట్టమొదటి నోబెలు బహుమానము 1901లో ఆయనకే లభించెను. ఆ ధనమును విశ్వవిద్యాలయమునకే యిచ్చివేసెను. తన ఆవిష్కరణముపై హక్కుపత్రమును కోరలేదు.

ఇంతవరకు కీర్తికథ. ఇక కష్టకథ వినుడు. ఈ కిరణములు తాకునప్పుడు నొప్పి యుండదు. కావున తొలినాళ్ల పనివారు తమ చేతులనే మాటిమాటికి అడ్డుపెట్టి చూచుచుండిరి. అమెరికాలో ఎడిసన్ సహాయకుడైన క్లారెన్సు డాలీ చేతులు పుండ్లుపడి, తుదకు తీసివేయవలసి వచ్చి, 1904లో మరణించెను. వెలుగును చూచినవారికి దాని మోతాదు తెలియదాయెను.

ఆ యేటనే పారిసు నగరమున సబురో, నువారే అను వైద్యులు మోతాదునకు ఒక కొలత నిచ్చిరి. పిల్లల తలలపై తామరను మాన్పుటకు, ఎక్సుకిరణములు సోకించి వెండ్రుకలు రాలజేయుట ఆనాటి చికిత్స. తక్కువైనచో వెండ్రుకలు రాలవు. ఎక్కువైనచో మరల మొలవవు. వారు అదే ప్లాటినపు లవణమును చిన్న బిళ్లలుగా చేసి, గొట్టమునకును చర్మమునకును నడిమిదూరమున నుంచిరి. కిరణములు సోకినకొలది స్ఫటికములలోని నీరు పోయి ఆకుపచ్చరంగు గోధుమరంగుగా మారును. నిర్ణీతమైన రంగు రాగానే ఆపవలెను.

ఎంత చక్కని కొలత! అయినను అది ఆనాటి చర్మమును కాపాడినదే గాని, రాబోవు సంవత్సరములను చూపలేదు. అట్టి చికిత్స పొందిన పిల్లలలో కొందరికి పెద్దవారైన పిమ్మట మెదడునందు కంతులును, గొంతులోని థైరాయిడు గ్రంథికి పుట్టకురుపును కలుగుట ఇతరులలో కంటె హెచ్చని పిదప పరిశోధకులు తేల్చిరి. 1950 దశకము చివర గ్రిసియోఫుల్విన్ అను మందు వచ్చినపిదప ఆ చికిత్స వెనుకబడెను.

తెరలపై ఆ లవణమునకు బదులు ఇతర పదార్థములు వచ్చినవి. కాని వెలుగునిచ్చు ప్లాటినము పని ముగియలేదు. దాని బరువైన పరమాణువు, ఇతర పదార్థములలో వేడిగా వృథాపోవు శక్తినిగూడ వెలుగుగా మార్చును. 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్లాటినపు రంగుద్రవ్యముతో విద్యుత్తువలన ఎఱ్ఱగా వెలుగు పలుచని పొరలను చేసిరి. అట్టి రంగుద్రవ్యముల వెలుగు ప్రాణవాయువు సోకినకొలది తగ్గును. కావున ఆ వాయువును కొలుచుటకును, విమానపు రెక్కల నమూనాలపై గాలి ఒత్తిడిని చూచుటకును అవి ఉపయోగపడుచున్నవి.

పెద్దలారా, ఎక్సురే తీయువాడు అడ్డుగోడ వెనుకకు పోవుట మీరు చూచియుందురు. అది పిరికితనము కాదు. డాలీవంటివారి చేతులు నేర్పిన పాఠము. అవసరమైనప్పుడు ఆ పటమునకు జంకవలదు. ఊరక తీయుమని పట్టుపట్టవలదు. ఇంటి కోడలో కూతురో గర్భవతియైనచో ఆ మాట ముందుగా వైద్యునికి చెప్పుడు. వెలుగు దొరకుట ఒక విద్య. దాని హద్దు తెలియుట మరియొక విద్య. మొదటిది ఒక సాయంకాలమున వచ్చినది. రెండవదానికి తరములు పట్టినవి.

సెలవు.