లింగ పరివర్తన - కొలువు భద్రత

కొలువు పోగొట్టుకోకుండా లింగ పరివర్తన చేసుకోవడం ఎట్లా అన్న ప్రశ్నను మనలో చాలామంది ఒక వ్యక్తి స్వంత గొడవగా చూస్తారు. ముందు పేరు మార్చుకోవాలా, చికిత్స చేయించుకోవాలా, పై అధికారికి ఎప్పుడు చెప్పాలి - ఇవి ఆ వ్యక్తి తేల్చుకోవలసినవే. కాని ఈ అడుగుల వరుసను నిర్ణయించేది వ్యక్తి అభీష్టం ఒక్కటే కాదు. రాజ్యం వ్రాసే రిజిస్టరు, యజమాని చేతిలోని మస్టరు కూడా నిర్ణయిస్తాయి. మన ప్రాంత చరిత్రే ఇందుకు సాక్ష్యం.

నవీపేట, బోధన్‌లు నిజాం రాజ్యంలో ఉన్న రోజులలో, 1329 ఫసలీలో, అనగా 1919లో, హైదరాబాదు ప్రభుత్వం నపుంసకుల శాసనాన్ని చేసింది. దీనికి మాతృక బ్రిటిషువారి 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. హిజ్రాలకు సంబంధించిన భాగాన్ని బ్రిటిషువారే 1911లో తొలగించుకొనగా, నిజాం ప్రభుత్వం తరువాత దానిని ఎత్తుకొన్నది. శాసనం ప్రకారం హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టరు ఉంచాలి. అందులోకెక్కినవారు స్త్రీ దుస్తులతో, నగలతో బహిరంగంగా కనిపించినా, వీధిలో ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ వరకు ఖైదు. ఆటపాటలు వారికి వినోదం కాదు, కూడు. అనగా శాసనం ఒకే దెబ్బతో వారి రూపాన్నీ, ఉపాధినీ నేరంగా చేసింది.

1948లో నిజాం పాలన పోయింది. 1956లో రాష్ట్రం మారింది, 2014లో మళ్ళీ మారింది. శాసనం మాత్రం 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా నిలిచే ఉన్నది.

ఈలోగా 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరి లింగాన్ని వారే ప్రకటించుకోవచ్చుననీ, శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదనీ తీర్పు చెప్పింది. కాని 2019 చట్టం కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రంతో ఆగింది. స్త్రీగానో పురుషుడిగానో నమోదు కావాలంటే శస్త్రచికిత్స రుజువు అడిగింది. శస్త్రచికిత్సకు డబ్బు కావాలి, సెలవు కావాలి. సెలవడిగితే యజమానికి తెలుస్తుంది. తెలిస్తే కొలువుకు ముప్పు. కొలువు లేకుంటే చికిత్సకు డబ్బు లేదు. అదే చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించింది గాని, శిక్షించదగిన నేరాల జాబితాలో ఉద్యోగంనుండి తొలగించడాన్ని చేర్చలేదు.

ఈ వలయాన్ని ఎవరు దాటగలిగారు? హైదరాబాదులో ఐ.ఆర్.ఎస్. అధికారిగా ఉన్న ఎం. అనుకతిర్ సూర్య పేరునూ, లింగాన్నీ 2024 జూలైలో కేంద్ర ఆర్థిక శాఖ ఒక ఉత్తర్వుతో రికార్డులన్నిటా మార్చింది. ఆయన వెనుక పదేళ్ళ సర్వీసు, సర్వీసు నిబంధనలు ఉన్నాయి. ఆదిలాబాదులో వైద్యం చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్‌ను మాత్రం, రోగులు రారన్న సాకుతో ఒక ప్రైవేటు ఆసుపత్రి తొలగించింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వోద్యోగం దొరికాకనే ఆమె నిలదొక్కుకున్నది. రెండు ప్రైవేటు పాఠశాలల్లో కొలువు కోల్పోయిన ఉపాధ్యాయిని జేన్ కౌశిక్‌కు 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ఉద్యోగ స్వభావం లింగంపై ఆధారపడితే తప్ప, ఇట్టి చికిత్సకు యజమాని అనుమతి అక్కరలేదని చెప్పింది. వీరి ధైర్యంలో తేడా లేదు. కాళ్ళక్రింది నేలలో ఉన్నది తేడా.

మరి బోధన్ ప్రాంతంలో ఆ నేల ఏమైంది? 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలజీతాన్నీ, కార్మిక సంఘాన్నీ తెచ్చింది. 2002లో దానిలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. ఇంట్లో కూర్చుండి బీడీలు చుట్టేవారికీ, కాంట్రాక్టు కూలీకీ సర్వీసు రికార్డు ఎక్కడిది, దిద్దించుకోవడానికి? రేపు రావద్దన్న ఒక్క మాట చాలు.

కనుక పేరుమార్పు హక్కునూ, పనిహక్కునూ విడదీసి అడగడం తగదు. 1919 శాసనం రెంటినీ కలిపే కొట్టింది. మనమూ కలిపే అడగాలి. చికిత్సకు జీతంతో సెలవు, మస్టరులో పేరుమార్పు, తొలగింపుకు శిక్ష - ఉపాధ్యాయ, కార్మిక సంఘాలు తమ కోర్కెల పత్రాలలో చేర్చవలసినవి ఇవి.