జొన్నరొట్టెనుండి తెల్లన్నమువరకు

నా బాల్యమున యాప్రాలులో మా యింట జొన్నరొట్టెయే నిత్యభోజనము. వరియన్నము పండుగనాటి వంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదల యాకలి తీర్చెను. ఆ మేలు మరువరాదు. కాని తరువాత పొలములు ఇండ్ల స్థలములయ్యెను, నాగలి విడిచితిమి, కంచములోని యన్నపురాశి మాత్రము తగ్గలేదు. ఏబదియవ యేట నా నడుము పెరిగెను. మెట్లెక్కినచో ఆయాసము కలిగెను.

మనకు చేరువనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరున, బెరిబెరి రోగమును పరిశోధించుటకై, ఒక్క గదిలో పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చెను. తవుడు పోయిన బియ్యమే ప్రధానాహారముగా గలవారిని పీడించిన రోగమది. ఆ సంస్థయే 2024లో, దినమునకు వలసిన శక్తిలో ధాన్యముల పాలు నూటికి 45 మించరాదని చెప్పెను. ఆ లెక్కలో జొన్నయు చేరును. కావున రొట్టెకును మితి కలదు.

నేను ఉపవాసములు చేయలేదు. అన్నము సగము చేసి పప్పును, ఆకుకూరను పెంచితిని. రాత్రి రెండు జొన్నరొట్టెలతో సరిపుచ్చుకొంటిని. ఏడాదికి నడుము తగ్గెను, మెట్లు సులువయ్యెను. మన తాతలు శ్రమకు తగినంత తినిరి. శ్రమ తగ్గిన మనము కంచమునుగూడ తగ్గించుకొనవలదా?