వీధి ఎవరిది? : హాలెండు సైకిలు బాటల చరిత్ర

హాలెండు దేశములో మనుష్యులకంటె సైకిళ్ళే ఎక్కువ. జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు కాగా, సైకిళ్ళు 2 కోట్లకు పైగా కలవు. బడిపిల్లలు మొదలు మంత్రుల వరకు సైకిలుపై పోవుట అచ్చట వింత కాదు. 1605లో వర్తకమునకై మచిలీపట్నమునకు వచ్చి, వలందపాలెము అను పేరును మనకు విడిచిపోయిన డచ్చివారి దేశమే ఇది.

ఆ దేశపు నేల బల్లపరుపుగ ఉండుటచేతనే అచ్చట సైకిలు వర్ధిల్లినదని పలువురు తలంతురు. నేల బల్లపరుపుగ ఉన్నమాట నిజమే. కాని ఆ నేలమీదనే, 1950కి 1975కి నడుమ, సైకిలు ఏటేట వెనుకబడిపోయెను. అది తిరిగి లేచి నిలుచుటకు కారణము నేల కాదు, ప్రజల పట్టుదల. ఆ పట్టుదల వెనుక ఒక పెద్ద దుఃఖము కలదు.

సైకిలు పుట్టుక

1817లో జర్మను దేశీయుడైన కార్ల్ ద్రైస్ రెండు కొయ్యచక్రముల బండిని చేసి, కాళ్ళతో నేలను తన్నుచు నడిపెను. 1860 తరువాత ఫ్రాన్సులో ముందు చక్రమునకు పెడళ్ళను అమర్చిరి. 1885లో ఇంగ్లండునందలి కవెంట్రీ నగరములో జాన్ కెంప్ స్టార్లీ, చక్రములను ఇంచుమించు సమానముగ చేసి, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును తయారుచేసెను. 1888లో డన్లప్ గాలిటైరును వాడుకలోనికి తెచ్చెను. నేడు మనము తొక్కు సైకిలు రూపము నాటికే సిద్ధమైనది.

హాలెండులో 1883 నాటికే సైకిలువారి సంఘమొకటి వెలసినది. సైకిలు త్వరలోనే సామాన్యుల వాహనమైనది. 1924లో ప్రభుత్వము దానిపై పన్ను విధించెను. పన్ను కట్టినవారు లోహపు బిళ్ళనొకదానిని సైకిలుకు తగిలించుకొనవలసి యుండెను. ఖజానా నింపుటకు సైకిలుపై కన్ను వేసిరనగా, అది ఎంతగా వ్యాపించినదో ఊహించవచ్చును.

కారు రాక

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట దేశము సంపన్నమయ్యెను. కార్లు పెరిగెను. వాటికి చోటు కావలెను గదా! 1954లో ఆంస్టర్‌డాం పోలీసు అధిపతి కాస్‌యాగర్ నగరపు కాలువలు కొన్నిటిని పూడ్చి కార్లకు దారులు చేయవలెనని సూచించెను. ప్రజలు ఎదిరించుటచే ఆ సూచన నిలువలేదు. అయినను ఇతర స్థలములలో పాత ఇండ్లను కూల్చి వీధులను వెడల్పు చేసిరి. పిల్లలు ఆడుకొను చోట్లు కార్లు నిలుపు చోట్లయ్యెను. 1883లో సైకిలువారి కొరకు పుట్టిన సంఘమే క్రమముగ మోటారువారి సంఘముగ మారిపోయినది.

1965లో ల్యూడ్ స్కిమెల్‌పెనింక్ అను ఆంస్టర్‌డాం యువకుడొకడు, అందరు ఉచితముగ వాడుకొనుటకు నగరపాలకులు తెల్లని సైకిళ్ళను వీధులలో ఉంచవలెనని కోరెను. అతని మిత్రులు కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళము వేయక విడిచిరి. తాళము లేకుండ సైకిలును విడుచుట నేరమని పోలీసులు వాటిని పట్టుకొనిపోయిరి. పథకము సాగలేదు. ఆలోచన మాత్రము మిగిలినది.

ఒక తండ్రి వ్యాసము

1971లో ఆ చిన్న దేశములో సుమారు 3,300 మంది వీధి ప్రమాదములలో మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బడికి పోవుచు మరణించిన పిల్లలలో ఒక పత్రికా రచయిత కుమార్తె యుండెను. ఆ తండ్రి విక్ లాంగెన్‌హాఫ్. 1972లో ఆయన తన పత్రికలో 'పిల్లల హత్యను ఆపుడు' అను శీర్షికతో వ్యాసము వ్రాసెను. 'ప్రమాదము' అనక 'హత్య' అనుటలోనే ఆయన వాదమంతయు ఇమిడియున్నది. ప్రమాదము దైవవశము, హత్యకు బాధ్యుడు ఉండును. ఆ శీర్షికయే ఒక ఉద్యమమునకు పేరైనది. తల్లిదండ్రులు వీధులకు అడ్డముగ నిలిచిరి. ఆంస్టర్‌డాంలోని డె పైప్ పేటలో పిల్లలే తమ వీధిని మూసి, ఆటస్థలము కావలెనని కోరిరి.

వేగము లెక్క

ఈ తల్లిదండ్రుల కోపము వెనుక భౌతికశాస్త్రము కూడ కలదు. 1957 నుండి హాలెండు పట్టణములలో కార్ల వేగపరిమితి గంటకు 50 కిలోమీటర్లు. 30 కిలోమీటర్ల వేగముతో దీనిని పోల్చి చూతము. చలనశక్తి వేగముయొక్క వర్గమును అనుసరించును. కావున 50 వేగముతో పోవు కారులో 30 వేగముతో పోవు కారుకంటె సుమారు 2.8 రెట్లు శక్తి యుండును.

ఇప్పుడొక బిడ్డ 14 మీటర్ల దూరములో హఠాత్తుగ వీధిలోనికి వచ్చినదనుకొందము. డ్రైవరు చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టుననుకొందము. 30 వేగముగల కారు ఆ సెకనులో 8.3 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై బ్రేకు వేసిన తరువాత మరి 5 మీటర్లలో ఆగును. మొత్తము 13.3 మీటర్లు. బిడ్డ బ్రదికినది. 50 వేగముగల కారు ఆ ఒక్క సెకనులోనే 13.9 మీటర్లు పోవును. బ్రేకు పట్టుకొనునప్పటికే బిడ్డను చేరియుండును. డ్రైవరు ఎంత మంచివాడైనను ఈ లెక్క మారదు.

పెట్రోలు లేని ఆదివారములు

1973 అక్టోబరులో అరబ్బు దేశములు హాలెండునకు చమురు పంపుట ఆపివేసెను. పెట్రోలు పొదుపునకై ప్రభుత్వము 1973 నవంబరు 4 మొదలు కొన్ని ఆదివారములు కార్లను నిషేధించెను. ఆనాడు పెద్ద రహదారులపై పిల్లలు చక్రపు బూట్లతో జారిరి. కుటుంబములు సైకిళ్ళపై బయలుదేరెను. కార్లు లేని నగరము ఎట్లుండునో ఒక తరమువారు కన్నులార చూచిరి.

తరువాత మార్పులు త్వరగా వచ్చెను. 1975లో సైకిలువారు క్రొత్త సంఘము పెట్టుకొని, తమ పేరులో 'అసలైన' అను మాట చేర్చుకొనిరి. ఆ దెబ్బ పాత సంఘముమీద! డెల్ఫ్ట్ పట్టణములో మొదలైన, కార్లు మనిషి నడకతో సమానముగ పోవలసిన నివాసపు వీధులకు 1976లో చట్టము గుర్తింపునిచ్చెను.

1977లో గ్రోనింగెన్ నగరము మరియొక ఉపాయము పన్నెను. నగర మధ్యభాగమును నాలుగు భాగములుగ విభజించిరి. ఒక భాగమునుండి మరియొక భాగమునకు కారు నేరుగ పోరాదు. వెలుపలి దారికి వచ్చి చుట్టి పోవలెను. సైకిలు మాత్రము నేరుగ పోవచ్చును. వ్యాపారము దెబ్బతినునని దుకాణదారులు గట్టిగ ఎదిరించిరి. నగరపాలకులు వెనుకకు తగ్గలేదు. నేడు గ్రోనింగెన్ సైకిలు నగరములలో పేరుపొందినది.

హేగ్, టిల్‌బర్గ్ నగరములలో ప్రభుత్వము ఒక్కొక్క మంచి సైకిలు బాటను ప్రయోగముగ నిర్మించి చూచెను. ఒక బాట చాలదని, ఇంటినుండి బడివరకు తెగని బాటల వల కావలెనని ఆ అనుభవము నేర్పినది. డెల్ఫ్ట్ పట్టణమంతటికి అట్టి వలను నిర్మించుటకు 1979లో పురపాలక సభ అంగీకరించెను.

ఫలితము

2010లో ఆ దేశపు వీధులలో మరణించిన పిల్లలు 14 మంది. ఇందులో మంచి కార్లకు, సీటుపట్టీలకు, వైద్యమునకు కూడ పాలు కలదు. అంతయు సైకిలు బాటల పుణ్యమే అనుట శాస్త్రీయము కాదు. కాని 400కు, 14కు నడుమగల దూరమును యంత్రములు మాత్రమే దాటించలేదు. వీధి ఎవరిదను ప్రశ్నను ప్రజలు అడిగిరి. ఇంజనీర్లు దానికి ఇటుకతో, రాతితో జవాబు వ్రాసిరి. ఆ జవాబు ఇంకను పూర్తికాలేదు: 2023 డిసెంబరులో ఆంస్టర్‌డాం తన వీధులలో ఎక్కువ భాగమునకు వేగపరిమితిని 50 నుండి 30కి తగ్గించెను.

ఈ పాఠమును తరగతిలో పరీక్షింపవచ్చును. బడి ముందున్న రోడ్డు అంచున 50 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుడు. విద్యార్థులు రోడ్డు దిగక, గోడలోపల నిలిచి, వాహనము ఒక గుర్తునుండి రెండవ గుర్తునకు చేరు కాలమును గడియారముతో లెక్కింపవలెను. 6 సెకనులు పట్టినచో దాని వేగము 30; 3.6 సెకనులు పట్టినచో 50. ఒక గంటసేపు వ్రాసిన పట్టికను చూచినచో, తమ వీధిలో 14 మీటర్ల దూరమున నిలిచిన బిడ్డకు ఎన్ని వాహనములు అభయమిచ్చుచున్నవో వారికే తెలియును.