చికిత్స గదిలోని మాట: మానసిక చికిత్సకుల బాధ్యతల చట్టపరిణామం

గుంతకల్లు నుండి బెంగళూరుకు సాగే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. ఈ పట్టణాలకు చేరువలోని పెద్ద మానసిక వైద్యసంస్థ బెంగళూరులోని నిమ్‌హాన్స్. 1980వ దశకంలో ఆ సంస్థ బళ్ళారి జిల్లాలో నడిపిన ప్రయోగమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా. 1882 వరకు అనంతపురం సీమ బళ్ళారిలో భాగమే కావడం గమనార్హం.

చికిత్స ఊళ్ళకు చేరువైనంత వేగంగా చికిత్సకుని బాధ్యత చట్టంలోకి రాలేదు. 1912నాటి లూనసీ చట్టం ప్రధానంగా పోలీసులను, మేజిస్ట్రేటును, ఆశ్రయాల అధికారులను ఉద్దేశించినది. 1993లో అమలైన 1987నాటి చట్టం కూడా ఆసుపత్రిలో చేర్చుకోవడం, విడుదల చేయడం అనే అంశాల చుట్టూనే ఎక్కువగా తిరిగింది. రోగి చెప్పిన మాటకు రక్షణ 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షనుతో స్పష్టమైంది.

ధర్మవరం వంటి పట్టణంలో ఈ సెక్షను విలువ తెలుస్తుంది. మగ్గం ఇంట్లోనే ఉండే చోట, పనీ అప్పూ ఇరుగుపొరుగుకు తెలిసిన చోట, చికిత్సకు వెళ్ళడమే ఒక వార్త. కనుక గోప్యత రోగి నోరు విప్పకముందే, పేరు రాసే రిజిస్టరు దగ్గరే మొదలవుతుంది. అప్పుల బాధతో ప్రాణం తీసుకోబోయిన నేతకార్మికుడికి భారత శిక్షాస్మృతి 309వ సెక్షను భయం కూడా ఉండేది. 2018లో అమలులోకి వచ్చిన కొత్త చట్టపు 115వ సెక్షను అతడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని నిర్దేశించింది. చికిత్సకునితో నిజం చెప్పే ధైర్యానికి ఇది గోప్యతా నియమంకన్న పెద్ద ఆసరా.

అయితే గోప్యత నిరపేక్షం కాదు. ఇతరులకు హాని కలిగే ప్రమాదముంటే అవసరమైనంత మేరకే సమాచారం వెల్లడించవచ్చు. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టరసాఫ్ కేసులో దీనిని చికిత్సకుని విధిగానే నిర్ణయించింది. బాలలపై లైంగిక నేరం తెలిస్తే 2012నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. న్యాయవాదికున్నట్లు కోర్టులో మౌనం వహించే ప్రత్యేక హక్కు చికిత్సకునికి సాక్ష్యచట్టం ఇవ్వలేదు. ఈ పరిమితులను మొదటి భేటీలోనే చెప్పకపోవడం నైతికంగా మోసమే అవుతుంది.

2017నాటి చట్టం క్లినికల్ సైకాలజిస్టును నిర్వచించింది గాని, ‘కౌన్సెలర్’ను నిర్వచించలేదు. చిన్న పట్టణాల్లో బోర్డుపై తరచుగా కనిపించేది ఈ రెండో మాటే. రోగికి అర్థమయ్యే భాషలో వివరించి పొందినదే సమ్మతి అని అదే చట్టం చెబుతోంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన హిందూపురంలో ఇంగ్లీషు పత్రంపై తీసుకున్న సంతకం ఆ నిర్వచనానికి నిలుస్తుందా అన్నది చికిత్సకుడు ప్రతి రోగి విషయంలోనూ విడిగా తేల్చుకోవలసిన ప్రశ్న.